మూతిగుడ్డకో దండం

కరోనా కాలంలో మనుషులకు జరిగిన మేళ్ళలో మొదటిది మాస్కు. ఈ మాట వినగానే కొందరికి కోపం రావచ్చు. చెవుల వెనక రబ్బరు ఒరుసుకుపోయి, కళ్ళజోడు మీద ఆవిరి పట్టి, ఎదురుగా వస్తున్నది ఆటోనో ఆవో తెలీక కాలవలో కాలు పెట్టినవాళ్ళకు కోపం రావడం సహజమే. అయినా ఒక్కసారి నిదానంగా ఆలోచించండి.

మాస్కు లేని రోజుల్లో మనం ఎంత కష్టపడేవాళ్ళం? పెళ్ళికి వెళితే నవ్వాలి. ఆఫీసులో పెద్దాయన పాత జోకే మళ్ళీ వేసినా నవ్వాలి. పక్కింటివాళ్ళ అబ్బాయికి ర్యాంకు వచ్చిందని తెలిస్తే అందరికంటే ఎక్కువ నవ్వాలి. మొహంలోని కండరాలన్నీ రోజంతా ఓవర్‌టైం చేసేవి. మాస్కు వచ్చాక పాపం వాటికి సెలవు దొరికింది. కళ్ళు కాస్త చికిలిస్తే చాలు, లోపల నవ్వుతున్నామనుకునేవాళ్ళు. లోపల నాలుక బయటపెట్టి వెక్కిరించినా అడిగేవాడు లేడు. పళ్ళసెట్టు ఇంట్లో మరిచిపోయిన పెద్దవాళ్ళు బజారులో ఎంత ధీమాగా తిరిగారో మీరు చూడలేదా?

ఇవన్నీ చిన్న మేళ్ళు. పెద్ద మేలేమిటో తెలియాలంటే సీతమ్మధారలో ఉండే సత్యం సంగతి తెలుసుకోవాలి.

సత్యం విశాఖ పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అంత ఎత్తున కూర్చుని కిందవాళ్ళతో అరిచి మాట్లాడటం వల్ల, సోఫాలో పక్కన కూర్చున్నవాళ్ళతో కూడా అరిచే మాట్లాడతాడు. మాట్లాడటం, ఊపిరి పీల్చడం ఆయనకు వేరువేరు పనులు కావు, రెండూ ఒకేసారి కానిచ్చేస్తాడు. వినడం మాత్రం అలవాటు లేదు. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు తను తర్వాత ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ ఉంటాడు.

ఈ ఊళ్ళో మగవాళ్ళు ఎవరినైనా బావా అని పిలవచ్చు. ఆటో అతను బావ, చేపలమ్మేవాడు బావ, హెల్మెట్ లేదని ఆపిన ట్రాఫిక్ కానిస్టేబులు కూడా అవసరాన్ని బట్టి బావ. సత్యం కూడా ఊరందరినీ అలాగే పిలిచేవాడు. ఊరు మొత్తం మీద ఆయన బావా అని పిలవని మగవాడు ఒక్కడే. అతను సొంత బావమరిది. భార్య తాయారుకు తోడబుట్టిన తమ్ముడు. పేరు గవర్రాజు.

గవర్రాజు స్టీల్‌ప్లాంటులో పనిచేసేవాడు. కంపెనీ క్వార్టర్సులో, చుట్టూ జామచెట్లు, వెనక కూరపాదులు, ముందు పిల్లలు క్రికెట్ ఆడుకునేంత జాగా ఉన్న ఇంట్లో ఉండేవాడు. సత్యం సీతమ్మధారలో ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిస్తే, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చెప్పులు విప్పాడు. హాల్లోకి వెళ్ళాడు, గదిలోకి వెళ్ళాడు, వంటింట్లోకి తొంగిచూశాడు, ఇంకో రెండు అడుగులు వేసేసరికి మళ్ళీ తన చెప్పుల దగ్గరే తేలాడు.

"బావా, ఇల్లు కొన్నావేటి, అగ్గిపెట్టి కొన్నావేటి?" అన్నాడు నవ్వుతూ.

వచ్చినవాళ్ళంతా నవ్వారు. హోమం చేయిస్తున్న పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి మరీ నవ్వారు. సత్యానికి ఒళ్ళు మండిపోయింది.

"కంపెనీ ఇచ్చిన కొంపలో ఉండేవోడివి, సొంతిల్లంటే నీకేటి తెల్సు? రిటైరైన రోజు సామాన్లన్నీ రోడ్డు మీదెట్టుకుని కూకుంటావు. అప్పుడు తెలుస్తాది," అన్నాడు, క్రేను మీంచి అరిచినట్టు.

గవర్రాజు వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వస్తూనే ఫలహారాల బంతిలో కూర్చున్న అతని భార్య ధనలక్ష్మి, సగం కొరికిన గారెను విస్తట్లోనే వదిలేసి, అటూ ఇటూ చూసి, మొగుడి వెనకే లేచి వెళ్ళింది.

అంతే. ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. సత్యం ఇంట్లో శుభకార్యమైతే గవర్రాజు రాలేదు. గవర్రాజు ఇంట్లో అయితే సత్యం వెళ్ళలేదు. తాయారు ఎవరినీ ఏమీ అనలేదు. ఎవరో దూరపు చుట్టాల పెళ్ళిళ్ళలో, భోజనాల తర్వాత చేతులు కడుక్కునే చోట, కుళాయి తిప్పి వదిలేసి, నీళ్ళ చప్పుడులో తమ్ముణ్ణి పలకరించుకునేది. "బాగున్నావేట్రా?" "బాగున్నానప్పా. నువ్వు సిక్కిపోనావేటి?" ఈలోపు వెనక ఎవరో చెయ్యి కడుక్కోవడానికి వచ్చేవారు.

ఇలా ఉండగా లాక్‌డౌన్ వచ్చింది.

ఊరు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, హార్బరులో ఓడ కూత వేస్తే సీతమ్మధారలో కిటికీ అద్దాలు విన్నాయి. సత్యం మాత్రం మూగపోవలసి వచ్చింది. కూతురు ఆశాజ్యోతికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హాల్లో డైనింగ్ టేబులే ఆమె ఆఫీసు. మొదటి రోజునే సత్యం వంటింటి గుమ్మంలో నిలబడి కాఫీ అడిగితే, ఆ కాఫీ కేక బెంగుళూరులో ఉన్న మేనేజరుకు వినబడింది. అక్కడ ఏదైనా ప్రమాదం జరిగిందా అని ఆయన కంగారుగా అడిగాడు.

"నాన్నా, నువ్వు గదిలోకెళ్ళి తలుపేసుకో," అంది ఆశాజ్యోతి. "నాకు మీటింగులున్నాయి."

"ఎంతసేపు?"

"సాయంత్రం దాకా."

అలా సత్యాన్ని మ్యూట్‌లో పెట్టారు. గదిలో మంచానికీ గోడకీ మధ్య నాలుగడుగులు. ఇటు వేస్తే గోడ, అటు వేస్తే బీరువా. కిటికీలోంచి చూస్తే పక్క అపార్టుమెంటు వాళ్ళ బాత్రూం గొట్టం. ఫ్యానుతో కొన్నాళ్ళు మాట్లాడాడు. ఈ గది ఎలా ఉందీ అన్న ఆలోచన రాగానే ఒక మాట నాలుక చివరిదాకా వచ్చేది. తల గట్టిగా విదిలించుకుని దాన్ని మింగేసేవాడు.

ఒకరోజు తాయారు గుమ్మంలో నిలబడి, "రేపట్నుంచి కూరలికి మీరే ఎల్లండి," అంది. "ఏడయ్యేసరికి లైన్లో ఉండాల. ముందెల్లొద్దు, ఆలీసంగా ఎల్లొద్దు."

"కరివేపాకు కోసం కూడా ఏడింటికేనేటి?"

"కరివేపాకు ఏడింటికే తాజాగా ఉంటాది," అంది తాయారు.

సత్యం వాదించలేదు. బయటికి పంపుతానంటే అర్ధరాత్రి వెళ్ళమన్నా వెళ్ళేవాడు. ఆశాజ్యోతి తండ్రిని యుద్ధానికి పంపుతున్నట్టు తయారుచేసింది. ముందు మాస్కు. దాన్ని వన్ టౌన్‌లో ఉండే అయూబ్ భాయ్ కుట్టి పంపాడు. పోర్టులో ఉన్నన్నాళ్ళూ సత్యం ఖాకీ ప్యాంట్లన్నీ కుట్టింది ఆయనే. చెయ్యి అలవాటు పోక, మాస్కుకు కూడా పక్కన ఒక జేబు పెట్టాడు. అందులో తాయారు రెండు లవంగాలు వేసింది. మాస్కు మీద తువ్వాలు, తువ్వాలు మీద హెల్మెట్, హెల్మెట్‌కు అద్దం. బీరువా అద్దంలో తనను తాను చూసుకుని సత్యమే ఓ అడుగు వెనక్కి వేశాడు.

కూరగాయల బజారును దగ్గర్లోని స్కూలు గ్రౌండులోకి మార్చారు. నేల మీద ముగ్గుపిండితో గుండ్రాలు గీశారు. ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషి. ఎవరి గుండ్రంలో వాళ్ళు నిలబడి, ముందు గుండ్రం ఖాళీ అయితే అందులోకి గెంతాలి. పెద్దపెద్ద ఆఫీసర్లు కూడా చేతిలో సంచీతో బుద్ధిగా గెంతుతుంటే చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉండేది.

సత్యం తన గుండ్రంలో నిలబడి ఉండగా, ఒక బొజ్జాయన ఫోను మాట్లాడుతున్నట్టు నటిస్తూ లైను పక్కనుంచి వంకాయల దగ్గరికి జారుకోబోయాడు.

"ఓయ్, లైను కనబడ్డం నేదేటి?"

ఆ కేక రెండు గుండ్రాల్లోంచి ఒకేసారి వచ్చింది. ఒకటి సత్యం గుండ్రం. రెండోది దాని పక్క గుండ్రం. బొజ్జాయన ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి పోయాడు. సత్యం పక్కకి చూశాడు. అక్కడ కూడా ఒక హెల్మెట్, ఒక తువ్వాలు. మనిషన్నవాడు ఎక్కడున్నాడో తెలీదు.

"బాగా సెప్పినావు బావా," అన్నాడు సత్యం.

"నువ్వే బాగా సెప్పినావు బావా," అంది ఆ హెల్మెట్.

ఆ హెల్మెట్ లోపల ఉన్నది గవర్రాజు. సత్యానికి మాత్రం తెలీదు. స్టీల్‌ప్లాంటులో రిటైరై, క్వార్టరు ఖాళీచేసి, కరోనాకు కొద్దినెలల ముందే అతను సీతమ్మధారలో ఓ వాటా అద్దెకు తీసుకున్నాడన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పబోయినా ఆ పేరు ఎత్తనిచ్చేవాడు కాడు.

మర్నాడు కూడా పక్కపక్క గుండ్రాలే దొరికాయి. ఆ మర్నాడు కూడా. సత్యానికి జీవితం మీద మళ్ళీ ఆశ పుట్టింది. రాత్రి పడుకునేటప్పుడే రేపు లైన్లో ఏమేం చెప్పాలో అనుకుని పడుకునేవాడు. మొదట్లో టీవీలో చెప్పే లెక్కల గురించి, రోడ్డు మీద గుంటల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత కషాయాల దగ్గరికి వచ్చారు.

"మా ఇంటిది దానిలో ఏటేసి మరిగిత్తాదో తెల్దు బావా," అంది పక్క గుండ్రం. "కరోనా సంగతేటో గానీ, నాలిక మాత్రం పనిసెయ్యడం మానీసినాది. నిన్న పంచదారేదో ఉప్పేదో తెలీనేదు."

"మా ఆవిడ తుమ్మినా కసాయమే, తుమ్మకపోయినా కసాయమే. నాను దొంగసాటుగా కుండీలో పోసీసినాను. ఆ మొక్క సచ్చిపోనాది."

ఇద్దరూ ఎవరి గుండ్రాల్లో వాళ్ళు ఊగిపోయి నవ్వారు. ఒక్క సంగతి చెప్పుకోవాలి. తువ్వాలు చాటునుంచి వచ్చే మాట సరిగా వినబడక, సత్యం అవతలి మనిషి వైపు మెడ సాచి, చెవి పెట్టి వినడం మొదలుపెట్టాడు. పుట్టిన తర్వాత ఆయన ఇంత శ్రద్ధగా ఒకరి మాట వినడం అదే మొదలు. మాస్కు మహిమ ఇంతకంటే ఏం కావాలి?

కషాయాల తర్వాత సహజంగానే చుట్టాలు వచ్చారు.

"మా ఆవిడికి ఒక తమ్ముడున్నాడు బావా," అన్నాడు సత్యం. "ఆడిది నోరు కాదు, కొలిమి. ఎదర ఎవులున్నారు, వెనక ఎవులున్నారని సూసుకోడు. అనీసి ఎల్లిపోతాడు."

పక్క గుండ్రం కాసేపు దగ్గింది.

"నాకూ ఉన్నాడొక బావ," అంది దగ్గు ఆగాక. "ఆడు కొంచెం మెల్లగా మాట్లాడితేనే వీధిలో కుక్కలు లెగిసి ఎల్లిపోతాయి. తను మాట్లాడిందే మాట. ఎదటోడు సెప్పింది ఇండు."

"అలాంటోడితో ఎలా ఏగినావు బావా?" అన్నాడు సత్యం నిజంగా జాలిపడి.

"ఏగలేకే మానీసినాను."

"మంచి పని సేసినావు. అలాంటోళ్ళకి దూరంగానే ఉండాల."

ఇంత చక్కగా అర్థం చేసుకునే మనిషి ఈ ఊళ్ళోనే ఉండి ఇన్నాళ్ళూ తారసపడలేదే అని సత్యం ఆ రోజు ఇంటికెళ్ళి తాయారుతో అన్నాడు. తాయారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండా, "ఔనేటి," అంది.

ఒకరోజు లైను చాలా పొడుగ్గా ఉంది. ముందెక్కడో టమాటాల దగ్గర పేచీ వచ్చి ఎవరూ కదలడం లేదు. ఎండ ఎక్కుతోంది. హెల్మెట్‌లో తల ఉడుకుతోంది. సత్యానికి ఎందుకో మనసు విప్పాలనిపించింది.

"బయట సెప్పుకోకూడదు గానీ బావా, మా ఇల్లు అగ్గిపెట్టే. లాక్‌డౌన్లో కూకుంటే గానీ నాకు తెలీనేదు. మా ఆవిడ తమ్ముడు గృహప్రవేశం రోజునే ఆ మాట అన్నాడు. అన్నదాంట్లో తప్పు నేదు. కానీ ఆ రోజే అనాలా? మర్నాడు అనకూడదా?"

పక్క గుండ్రం తువ్వాలు సర్దుకుంది.

"సరదాకి అన్నాడేమో బావా."

"సరదాకే. నాకూ నవ్వొచ్చింది. నవ్వబోతుంటే పంతులుగారు నవ్వడం కనబడింది. అప్పుడు కోపం వొచ్చింది."

"నాకూ ఒకడు ఒక మాట అన్నాడు బావా," అన్నాడు గవర్రాజు మెల్లగా. "రిటైరైన రోజు సామాన్లు లారీ కోసం రోడ్డు మీదెట్టుకుని నిల్సున్నాను. నా ఇల్లు నాది కాదని అప్పుడు తెలిసింది. ఆడి మాటే గుర్తొచ్చింది."

ఈ మాట సత్యం వినవలసినట్టు వింటే కథ అక్కడే అయిపోయేది. సరిగ్గా అప్పుడే టమాటాల పేచీ తీరి లైను కదిలింది. సత్యం చెవులు బెండకాయల వైపు వెళ్ళిపోయాయి.

అసలు సంగతి బయటపడింది ఒక తుమ్ముతో.

గవర్రాజు తుమ్ము వాళ్ళ చుట్టాల్లో పేరుపడ్డది. ముందు కళ్ళు పైకి పోతాయి. తర్వాత 'హా... హా...' అని చాలాసేపు ఊరిస్తుంది. అందరూ పోయిందిలే అనుకున్నాక బాంబు పేలినట్టు వస్తుంది. చివర్లో 'రామచంద్రా' అని సన్నగా ముగుస్తుంది. సత్యం పెళ్ళిలో, సరిగ్గా మంగళసూత్రం చేతిలోకి తీసుకున్న క్షణాన, కుర్రవాడైన గవర్రాజు ఆ తుమ్ము తుమ్మాడు. అపశకునమని పురోహితుడు పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని ఆపేశాడు. సూత్రం అలా గాల్లో పట్టుకుని చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. అలాంటి తుమ్మును సత్యం ఈ జన్మలో మరిచిపోగలడా?

ఆ తుమ్ము ఆ రోజు స్కూలు గ్రౌండులో వచ్చింది.

'హా...' అన్నప్పుడే ముందు గుండ్రాల్లో వాళ్ళు వెనక్కి తిరిగారు. రెండో 'హా' దగ్గర పరుగు మొదలైంది. పేలేసరికి గ్రౌండు ఖాళీ. సంచులు వదిలేసినవాళ్ళు, చెప్పులు వదిలేసినవాళ్ళు, మొగుణ్ణి వదిలేసి పరిగెత్తిన ఒకావిడ. టమాటాల ఆమె బండి కిందికి దూరింది. బజారులో బ్లీచింగు మందు చల్లే కుర్రాడు ఎక్కడినుంచో దూకి, తుమ్మిన మనిషి మీదా, ఆ చుట్టుపక్కలా, పొరపాటున ఒక గోంగూర కట్ట మీదా తెల్లగా మందు కొట్టేసి తనూ పారిపోయాడు.

"రామచంద్రా," అంది పక్క హెల్మెట్ సన్నగా.

గ్రౌండు మొత్తం మీద తన గుండ్రంలో కదలకుండా నిలబడింది సత్యం ఒక్కడే. ధైర్యం వల్ల కాదు. కాళ్ళు రాలేదు.

"చిరంజీవ," అంది ఆయన నోరు, ఆయనను అడక్కుండానే.

ఇంటికి నడుస్తున్నంతసేపూ సత్యం బుర్ర వేడెక్కిపోయింది. గుర్తుపట్టానని చెబితే మాట్లాడటం మానెయ్యాలి. మరి ఏళ్ళ తరబడి ఉన్న కోపానికి ఒక మర్యాద ఉంటుంది కదా? మాట్లాడటం మానేస్తే రేపట్నుంచి మళ్ళీ ఫ్యానే దిక్కు. ఆలోచించి ఆలోచించి, తను ఏ తుమ్మూ వినలేదని తీర్మానించుకున్నాడు. మర్నాడు ఏడింటికి మామూలుగా వెళ్ళి, "ఏటి బావా, జలుబేటి?" అని అడిగాడు.

"దుమ్ము బావా," అన్నాడు గవర్రాజు.

"దుమ్మే అయ్యుంటాది," అన్నాడు సత్యం.

ఆ తర్వాత కొద్దిరోజులకు పక్క గుండ్రంలోకి వేరే ఎవరో వచ్చారు. పలకరించినా పలకని మనిషి. మర్నాడు కూడా అంతే. సత్యం ముందు గుండ్రం ఖాళీ అయినా గెంతకుండా గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనకవాళ్ళు తిట్టారు. కొన్న వంకాయలన్నీ పుచ్చులే. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, వంటింట్లో తాయారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"మీ వోళ్ళందరూ బాగున్నారేటి?"

తాయారు ఆశ్చర్యపోయింది. "ఏ వోళ్ళు?"

"అంటే... అందరూ."

"అందరూ బాగానే ఉన్నారు."

"అందరూనా?"

తాయారు గరిటె పక్కన పెట్టింది. అప్పుడు చూశాడు సత్యం, ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మా తమ్ముడికి జొరమండి. టెస్టు సేసినారు, ఏటొత్తాదో తెలీదు. ఆళ్ళ వీధిలో ఎవులికో వొచ్చిందని కర్రలు కట్టీసి మూసీసినారు. ధనలక్ష్మి ఒక్కర్తీ బెంబేలెత్తిపోతంది."

సత్యం ఏ వీధి అని అడిగాడు. తాయారు చెప్పింది. రెండు వీధుల అవతల.

"కారేజీ కట్టు," అన్నాడు.

హాల్లోంచి వస్తుంటే ఆశాజ్యోతి మీటింగులో ఉంది. సత్యం మునివేళ్ళ మీద నడిచి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుని వెళ్ళాడు. కూతురు ఆ రోజు మొదటిసారి తనంత తానే మ్యూట్ నొక్కుకుని తండ్రి వెళ్ళిన తలుపు వైపు చూసింది.

వీధి మొదట్లో అడ్డంగా వెదురుకర్రలు కట్టి ఉన్నాయి. ఒక కానిస్టేబులు కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవులికి?"

"లోపలికి. కారేజీ."

"లోపల శానామంది ఉన్నారు. పేరు సెప్పండి."

"గవర్రాజు."

"మీకేటవుతాడు?"

లవంగాలు ఘాటెక్కాయి. "బావమరిది," అన్నాడు లోపల్లోపల.

"మాస్కులో ఇనబడ్డం నేదు, గట్టిగా సెప్పండి."

"బావమరిది."

"ఏటి?"

"మా బావమరిది!" అని అరిచాడు సత్యం. పోర్టులో కింద లారీవాడికి అరిచినట్టు అరిచాడు. వీధి పొడుగునా కిటికీలు తెరుచుకున్నాయి. బాల్కనీల్లోకి జనం వచ్చారు. కుక్కలు లేచి వెళ్ళిపోయాయి. అయిదో ఇంటి మేడ మీదికి, దుప్పటి కప్పుకుని, తెల్లగడ్డం పెరిగిన ఒక మనిషి వచ్చి పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. హెల్మెట్ లేదు, తువ్వాలు లేదు. గవర్రాజు ఇంత ముసలివాడయ్యాడని సత్యానికి అప్పటిదాకా తెలీదు.

"ఏటి బావా, ఇటొచ్చీసినావు? వంకాయలు ఇక్కడ దొరకవు," అన్నాడు మేడ మీంచి.

"నువ్వు రావడం మానీసినావు. లైన్లో ఊసు నేదు."

"నానెవులో తెలిసిపోనాదేటి?"

"తుమ్మినావు కదరా. ఆ తుమ్ము ఇంకెవులిది?"

గవర్రాజు నవ్వబోయి దగ్గాడు. "నాకు మొదటి రోజే తెలిసిపోనాది. నీ గొంతు ఏ గుడ్డ ఆపుతాది?"

"మరెందుకు సెప్పనేదు?"

"సెప్తే మాట్లాడ్డం మానేత్తావని."

సత్యం తల వంచుకుని కారియర్ గిన్నె మూత బిగించాడు. అది బిగించే ఉంది. తలెత్తేసరికి హెల్మెట్ అద్దం మీద ఆవిరి పట్టి మేడా, మనిషీ అన్నీ అలుక్కుపోయాయి.

"బావా, ఒక్కసారి ఆ గుడ్డలు తీసీ, మొకం సూడాల," అన్నాడు గవర్రాజు.

"తియ్యొద్దు, ఫైనేస్తాను," అన్నాడు కానిస్టేబులు. ఆ తర్వాత తనే కర్ర చివరకు కారియర్ తగిలించి, కంచెకు అవతల ముక్కు మూసుకుని నిలబడ్డ ధనలక్ష్మికి అందించాడు. "మీ బావలిద్దరూ రేపు కొంచెం మెల్లగా మాట్లాడుకోండి. నాను కొత్తోణ్ణి, జడుసుకున్నాను."

నాలుగు రోజులు అలా కారియర్ వెళ్ళింది. ఆ తర్వాత కబురొచ్చింది. కరోనా కాదు, వట్టి జ్వరమే. తాయారు దేవుడి గూట్లో దీపం పెట్టి, ఒక మూల కూర్చుని కాసేపు ఏడ్చింది. సత్యం పక్కన కూర్చున్నాడు. తను మాట్లాడకపోవడం ఆయనకే వింతగా ఉంది.

"ఏడింటికే ఎందుకు తోలీదానివి?" అన్నాడు కాసేపటికి.

"ధనలక్ష్మి ఆడిని ఏడింటికి తోలీది," అంది తాయారు ముక్కు తుడుచుకుంటూ. "మేవిద్దరం ఫోన్లో అనుకున్నాం. మామూలు రోజుల్లో అయితే మీరిద్దరూ ఒకరి మొకం ఒకరు సూసి రోడ్డు మారిపోతారు. మొకాలే కనబడకపోతే ఏటి మారతారు?"

చూశారా? పెద్దమనుషులు ఏళ్ళ తరబడి చెయ్యలేని పంచాయితీని అయూబ్ భాయ్ కుట్టిన ఒక గుడ్డముక్క చేసింది. మాస్కును తిట్టేవాళ్ళు ఇప్పటికైనా కళ్ళు తెరవాలి.

ఆంక్షలు సడలించారు. మొదటి ఆదివారం గవర్రాజు, ధనలక్ష్మి సత్యం ఇంటికి భోజనానికి వచ్చారు. తాయారు గారెలు వండింది. ధనలక్ష్మి మొదటి గారె కొరికి, కళ్ళు మూసుకుని, పూర్తిగా తినేదాకా కళ్ళు తెరవలేదు. ఇంట్లోనే కదా అని బావలిద్దరూ మాస్కులు తీసేసి, సోఫాలో పక్కపక్కన కూర్చుని, ఒకరి మొహం ఒకరు తనివితీరా చూసుకున్నారు.

"ఏదేమైనా బావా, ఆ రోజు నువ్వు ముందు పలకరించబట్టి ఇదంతా అయింది," అన్నాడు గవర్రాజు ప్రేమగా.

"నాను పలకరించడవేటి? ముందు కేకేసింది నువ్వు," అన్నాడు సత్యం అంతకంటే ప్రేమగా.

"నాను కేకేసింది ఆ బొజ్జోడిని. బావా అని పిల్సింది నువ్వు."

"నీ కేక ఇన్నాకే కదా పిల్సినాను."

"అంటే నానే తగ్గినానంటావేటి?"

"మరి నానేటి తగ్గీది? తప్పు నీదైతే?"

"ఏటి నా తప్పు?"

సత్యం గొంతు హాలు దాటింది. గవర్రాజు లేచి నిలబడ్డాడు. ఆశాజ్యోతి ల్యాప్‌టాపు మూసేసింది. ధనలక్ష్మి రెండో గారె చేతిలో పట్టుకుని, అలవాటు ప్రకారం సగం లేచింది.

"నువ్వు కూకో," అంది తాయారు ఆమెతో. "తిను."

లోపలికి వెళ్ళి, దండెం మీద ఆరేసిన రెండు ఉతికిన మాస్కులు తెచ్చింది. ఒకటి మొగుడి చేతిలో పెట్టింది, ఒకటి తమ్ముడి చేతిలో పెట్టింది. "కట్టుకోండి," అంది. గొంతు పెంచలేదు. ఇద్దరూ ఆమె మొహం చూసి కట్టుకున్నారు. తర్వాత సోఫా ఆ చివర ఒకణ్ణీ, ఈ చివర ఒకణ్ణీ కూర్చోబెట్టింది.

ఫ్యాను తిరిగింది.

"ఏటి బావా, ఈవారం బెండకాయలు ముదురుగా ఉన్నాయి," అన్నాడు సత్యం చివరికి.

"ఏటి?" అన్నాడు గవర్రాజు, వినబడక మెడ సాచి.

ప్రపంచమంతా మాస్కులు పారేసి ఏళ్ళయింది. సత్యం ఇంట్లో మాత్రం ప్రతి ఆదివారం రెండు మాస్కులు పనిచేస్తూనే ఉన్నాయి. ఈమధ్య కొత్తగా దిగిన పక్కింటావిడ పంచదార కోసం వచ్చి, హాల్లో మూతికి గుడ్డలు కట్టుకుని ముచ్చటగా కబుర్లు చెప్పుకుంటున్న ఇద్దరు ముసలాళ్ళను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంకా కరోనా ఉందా అండీ?" అని అడిగింది భయంగా.

"అదెప్పుడో పోనాదమ్మా," అంది తాయారు పంచదార కొలుస్తూ. "ఈళ్ళిద్దరే ఉన్నారు."